ప్రపంచ పౌరసత్వం పాఠానికి మీ బడిలో ఏం చేయించారు?

చంద్రగిరి_టీచరు: తొమ్మిదో తరగతికి ప్రపంచ పౌరసత్వం, సుస్థిరాభివృద్ధి మీద ప్రాజెక్టు చేయించాలి. ఐక్యరాజ్యసమితి పెట్టిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలూ చార్టు మీద రాయించడం కాకుండా ఏముందో చెప్పండి. పోయినేడు ప్లాస్టిక్ వద్దని ర్యాలీ తీశాం, ముందు పట్టుకున్నది ఫ్లెక్సీ. "ఇది ప్లాస్టిక్ కాదా మేడం" అని ఒక పిల్ల అడిగితే నోరు పెగల్లేదు.

పుత్తూరు_ప్రింటర్: ఫ్లెక్సీ మీద పడతారేం? పదిహేనేళ్ళుగా ఇదే నా పని. గుడ్డ బ్యానరు రేటు చెబితే మీ హెడ్మాస్టర్లే ఫ్లెక్సీకి దిగుతారు. పాతబడితే రైతులు శనక్కాయల మీద కప్పుకుంటారు, వృథా ఎక్కడ?

పలమనేరు_రైతు: ఎండకు పొడై చేన్లో రాలుతుంది సామీ. పీవీసీ అది. ఏరడానికి నువ్వొస్తావా?

పుత్తూరు_ప్రింటర్: ముందు నీ డ్రిప్ పైపులు, మల్చింగ్ షీటు ఏరుకో.

పలమనేరు_రైతు: డ్రిప్ లేకుండా నా టమోటాకు నీళ్ళు నువ్వు మోస్తావా? మూడు బోర్లు వేస్తే ఒకటి పడింది, అదీ వెయ్యి అడుగుల్లో. టీచరమ్మా, పిల్లలతో ఊరి బోర్ల లెక్క రాయించండి. ఎన్ని వేశారు, ఎంత లోతు, ఎన్ని ఎండాయి.

డీఎస్సీ_గురువు: బోర్లు సిలబస్ కాదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న లక్ష్యాల్లో 4.7 అనే ఉపలక్ష్యం చదవండి, ప్రపంచ పౌరసత్వం, సుస్థిరాభివృద్ధి రెండూ అందులోనే ఉన్నాయి. గడువు 2030. మొత్తం ఉపలక్ష్యాలు 169. బిట్టుగా వస్తుంది, రాసుకోండి.

కువైట్_డ్రైవరు: బిట్టు సంగతి సరే సార్. మా పాప చిత్తూరులో చదువుతోంది. ప్రపంచ పౌరుడంటే ఎవరని అడిగితే, "మా నాయన. పాస్‌పోర్టు మాత్రం కఫీలు బీరువాలో ఉంది" అని రాసిందట. కఫీలంటే ఇక్కడ మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. తప్పని కొట్టేశారు.

తిరుపతి_బాలాజీనగర్: తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆపి గాజు సీసాలు పెట్టలేదా? మనసుంటే అవుతుంది.

పుత్తూరు_ప్రింటర్: అలిపిరి దిగి రెండు వీధులు నడిచి చూడు, తెలుస్తుంది.

చంద్రగిరి_టీచరు: కువైట్ అన్నా, మీ పాప నా క్లాసులో ఉంటే ఫుల్ మార్కులు. బోర్ల లెక్క సోమవారం మొదలుపెడుతున్నా. ఎండిన బోర్లకు మూతలున్నాయో లేదో కూడా రాయించనా?

పలమనేరు_రైతు: అదే ముందు రాయించండి. మా చేన్లో ఒకదాని మీద గోనెసంచి కప్పి రాయి పెట్టాను, అంతే. రేపు ఇనుప మూత వేయిస్తా.

డీఎస్సీ_గురువు: 4.7 మాత్రం మర్చిపోకండి.