పానెత్తోనే ముక్కను ఫిబ్రవరి 3 దాకా మెత్తగా ఉంచడం ఎలా?

మేం మిలాన్‌లో ఉంటున్నాం. ఇక్కడ క్రిస్మస్‌కి తినే పానెత్తోనే అనే మెత్తటి తీపి బ్రెడ్‌లో ఒక ముక్క దాచి, ఫిబ్రవరి 3న సాన్ బ్యాజో పండుగ నాడు పొద్దున్నే తింటారు. గొంతు నొప్పులు రావని నమ్మకం. నాకు ఈ ఆచారం చాలా ఇష్టం. పక్కింటి పెద్దావిడతో కలిసి తింటానని మాటిచ్చాను కూడా.

డిసెంబర్ 24న బేకరీలో కొన్న కిలో పానెత్తోనే కోశాం. మిగిలిన సగం దాని కవర్లోనే మడిచి బల్ల మీద పెడితే నాలుగో రోజుకే కోసిన వైపు ఎండిపోయింది. ఒక ముక్క ఫ్రిజ్‌లో పెట్టా, రెండు రోజుల్లో గట్టిపడింది. మైక్రోవేవ్‌లో 20 సెకన్లు పెడితే వేడి మీద మెత్తగానే ఉంది కానీ, చల్లారాక రబ్బరులా సాగింది. ఇంకోటి గాలి పోకుండా జిప్ కవర్లో, 21 డిగ్రీల గదిలో ఉంచా. ఎండలేదు, కానీ పైపొర జిగురుగా అయి, పదో రోజుకి బూజు వచ్చింది. పారేయాల్సి వచ్చినందుకు నిజంగా బాధేసింది.

ఇంకో కిలోది విప్పకుండా ఉంది, కానీ దాని గడువు జనవరి 20. ఫ్రీజర్ ఒక్కటే మిగిలిందనిపిస్తోంది.

ఇలా చేసినవాళ్లు చెప్పండి: ముక్కలు కోసి ఫ్రీజ్ చేసి, ఫిబ్రవరి 3 నాటికి మళ్లీ మెత్తగా రావాలంటే, ఎలా చుట్టి పెట్టాలి, బయటికి తీశాక ఎలా కరిగించాలి?