సింథసైజర్: ఉన్న డబ్బుతో ఇప్పుడే కొనాలా, ఆగి పెద్దది కొనాలా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
రెండేళ్లుగా అరువు కీబోర్డు మీద వాయిస్తున్న నేను ఈ క్రిస్మస్‌లోగా సొంతంగా ఒక సింథసైజర్ కొనుక్కోవాలనుకుంటున్నాను. చేతిలో ఉన్నది 40,000 రూపాయలు. ఆదివారాలు చర్చిలో గాయక బృందానికి వాయించడం, వారానికి రెండు సాయంత్రాలు కర్ణాటక స్వరాలు సాధన చేయడం నా పని. ఏడాది ఆగి రెట్టింపు ధర పెట్టి వర్క్‌స్టేషన్ (పాట మొత్తం తయారుచేసుకునే సౌకర్యాలన్నీ ఒకేదాంట్లో ఉండే పెద్ద కీబోర్డు) తీసుకోమని మిత్రులంటున్నారు. ఆగడంలో అర్థముందా?

బదులు (విజయవాడ, గవర్నరుపేట):
ఆగమనే నా సలహా. తక్కువ ధరది కొన్నవారు ఏడాదిన్నర తిరగకుండానే దాన్ని అయినకాడికి అమ్మేసి మళ్లీ దుకాణం మెట్లెక్కడం చూస్తూనే ఉన్నాను. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 వర్క్‌స్టేషన్‌కు అంత పేరు రావడానికి కారణం, టోన్లు (రకరకాల వాయిద్య శబ్దాలు), డ్రమ్స్, ఎఫెక్టులు, 8 ట్రాకుల సీక్వెన్సర్ (వాయించినదాన్ని నమోదు చేసుకుని తిరిగి మోగించేది) అన్నీ ఒకే వాయిద్యంలో దొరకడమే. ఈ రోజు అక్కరలేని సౌకర్యం రేపు అక్కరకు రావచ్చు; లేనిదాన్ని మాత్రం తర్వాత అతికించుకోలేం.

బదులు (విజయవాడ, సత్యనారాయణపురం):
పై సభ్యుని మాటతో సగమే ఏకీభవిస్తాను. ఎం1 సంగతి నిజమే గానీ, అంతకు ఐదేళ్ల ముందు, 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్ సంగతీ చెప్పుకోవాలి. దానిలో కొత్త టోను తయారుచేసుకోవడం ఎంత చిక్కైన పనంటే, కొన్నవారిలో చాలామంది కంపెనీ నింపి ఇచ్చిన టోన్లతోనే సరిపెట్టుకున్నారు. సౌకర్యం ఉన్నంత మాత్రాన వాడుకుంటామని కాదన్నమాట.

పెట్టె మీది అంకెలనూ నమ్ముకోవద్దు. 128 పాలిఫోనీ (ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య) అని రాసి ఉన్నా, ఒక్కో మీటకు నాలుగు పొరలు కలిపిన టోను వాడితే మోగేవి 32 స్వరాలే. చర్చి పాటలకు అవే ఎక్కువ. మీకు నిజంగా కావలసింది పిచ్ బెండ్, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం. దాంట్లో ఒక మెలిక ఉంది: మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు సంకేతాలు పంపుకునే ప్రమాణం) పద్ధతిలో బెండ్ ఒక చానెల్‌లో మోగుతున్న స్వరాలన్నిటినీ కలిపి లాగుతుంది కాబట్టి, ఎడమచేత్తో షడ్జమం పట్టుకుని కుడిచేతి గాంధారానికి గమకం వేయబోతే శ్రుతి కూడా దానితోపాటే జారుతుంది. కీబోర్డును రెండుగా విడదీసి, బెండ్‌ను కుడి భాగానికే పరిమితం చేసే వీలుందా అని ముందు అడగండి.

రెండోది మీటల నాణ్యత. నిరుడు తెనాలి దగ్గర ఒక పెళ్లిలో, పల్లవి మధ్యలో, నా కీబోర్డులో ఒక మీట ఉన్నట్టుండి పూర్తి శబ్దంతో అరిచి, ఆ వెంటనే మూగబోయింది. ఇలాంటి మీట కింద రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి తగిలాక రెండోది తగలడానికి పట్టిన వ్యవధిని బట్టి మనం ఎంత గట్టిగా నొక్కామో వాయిద్యం లెక్కకడుతుంది, ఆ లెక్క తప్పితే ఇలాగే అవుతుంది. మర్నాడు విప్పి చూస్తే, ఆ మీట కింది రబ్బరు మీద అక్షింతల పసుపు అంటుకుని ఉంది. పెళ్లి వాయిద్యానికి అక్షింతలు తప్పవు గానీ, విప్పి శుభ్రం చేసుకోవడానికి వీలైన వాయిద్యం, విడిభాగాలు దొరికే మోడల్ ఎంచుకోవడం మన చేతిలో ఉంది.

బదులు (గవర్నరుపేట):
మీరు చెప్పిన బెండ్, రెండుగా విడదీయడం, ఇవీ సౌకర్యాలే కదండీ! ఇళ్లలో పిల్లలు నేర్చుకునే చవక కీబోర్డులు చాలావాటికి బెండ్ చక్రమే ఉండదు. మరి ధరే ముఖ్యమని ఎలా అంటారు?

బదులు (సత్యనారాయణపురం):
ధరే ముఖ్యమని నేను అనలేదు. బెండ్ లేనిదాన్ని 10,000కు ఇచ్చినా ఆయనకు దండగే. అయితే మీరు ఏడాది ఆగమంటున్నది సీక్వెన్సర్ కోసం. ఆ పని యూఎస్‌బీ తీగ కలిపితే ల్యాప్‌టాప్ కూడా చేసిపెడుతుంది. ఆ ఏడాదంతా ఆయన అరువు కీబోర్డు మీదే గమకం లేకుండా సాధన చేయాలా? ఈ నష్టాన్ని ఎవరూ ధరలో కలిపి లెక్కవేయరు.

ప్రశ్న వేసిన సభ్యుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది కనుక సీక్వెన్సర్ మాట వదిలేస్తున్నాను. వచ్చే శనివారం విజయవాడ వచ్చి, శ్రుతి పట్టుకుని గాంధారం మీద బెండ్ లాగి చూశాకే ధర అడుగుతాను. మా బృందంలో పాడేవారు అప్పటికప్పుడు అర శ్రుతి దించమంటారు కాబట్టి ట్రాన్స్‌పోజ్ మీట చేతికి అందేచోట ఉందో లేదో కూడా చూడాలి. వాడినది చూపిస్తే, అడుగు మూత విప్పి చూడనిస్తారా?