ఆమ్‌స్టర్‌డామ్ వరస ఇల్లు: నడిమి పెరట్లో ఎండ పడటం లేదు

కాలేజీ స్టూడియో కోసం ఆమ్‌స్టర్‌డామ్‌లో బోర్నియో అనే ప్రాంతంలోని స్ఖేప్స్‌టిమ్మర్‌మాన్‌స్ట్రాట్ వీధి తరహా ఇల్లు గీస్తున్నాను. అక్కడ 60 ప్లాట్లు, ఎవరి ఆర్కిటెక్టును వారే ఎంచుకున్నారు. పక్కపక్కనే ఉన్నా ఏ రెండు ఇళ్లూ ఒకేలా ఉండవు. అదే నాకు ప్రాణం.

నా ప్లాటు వెడల్పు 4.2 మీటర్లు, లోతు 16. ఉత్తరాన కాలువ, దక్షిణాన వీధి, మధ్యలో 4 మీటర్ల పెరడు. మూడంతస్తులు, 9.5 మీటర్ల ఎత్తు. మార్చి 21 మధ్యాహ్నం కూడా పెరటి నేలంతా నీడే. వీధి వైపు భాగాన్ని 6.5 మీటర్లకు తగ్గించాను. ఎండ ఎదుటి గోడ మీద 3.4 మీటర్ల దగ్గరే ఆగింది, అంటే సరిగ్గా కింది గది పైకప్పు దాకా. పెరడును డాబా మీదికి మారిస్తే పక్కింటి కిటికీ నేరుగా చూస్తోంది. 1.8 మీటర్ల పిట్టగోడ కడితే కూర్చున్నవాళ్లకు నీళ్లే కనిపించవు.

ఇక పెరడును మొదటి అంతస్తు ఎత్తుకు లేపుదామనుకుంటున్నాను. అలా చేస్తే దాని కింద పడే గదికి వెలుతురు ఎటు నుంచి తేవాలి?