982.0441 అని రాస్తే మార్కు కోయాలా?

ఇంటర్_నాన్న: మా అబ్బాయి ప్రాక్టికల్స్‌లో లఘులోలకం (దారానికి వేలాడుతూ ఊగే గుండు) వచ్చింది. పొడవు 100.0 సెం.మీ., 20 డోలనాలకు 40.1 సెకన్లు. ‘జి’ (గురుత్వ త్వరణం) విలువ 982.0441 సెం.మీ/సె² అని రాశాడు. లెక్కలో తప్పు లేదు, అయినా మార్కు కోశారు. క్యాలిక్యులేటర్ చూపించిందే కదా రాశాడు! ఇది చాదస్తం కాదా?

ల్యాబ్_మాస్టారు: కాదండీ. కాలం కొలిచింది మూడు సార్థక అంకెల (అంటే కొలతలో నిజంగా అర్థమున్న అంకెల) వరకే. గుణకార భాగహారాల్లో అన్నిటికన్నా తక్కువ సార్థక అంకెలున్న కొలతే జవాబుకు హద్దు. కాబట్టి 982 దగ్గర ఆగాలి. తర్వాతి అంకెలు ఎవరూ కొలవలేదు. (20 అనేది లెక్కపెట్టిన సంఖ్య, దానికి ఈ హద్దు లేదు.)

కొలతల_పిచ్చి: మాస్టారూ, అసలు ఆ 982 మాత్రం ఎంత నిజం? స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అవడం మామూలే. 40.3 వేసి చూడండి, 972 వస్తుంది. మూడోది సరే, రెండో అంకే కదిలిపోయింది! 982 ± 10 (అంటే పది అటూ ఇటూ) అని రాయించండి, అంకెలు లెక్కపెట్టే గొడవ ఉండదు. 0.99లో రెండు సార్థక అంకెలు, 1.01లో మూడు. చివరి అంకెలో ఒకటి తేడా వస్తే రెండింటికీ దాదాపు ఒక శాతమే. ఇంత మొరటు సూత్రానికి మార్కులు కోస్తారా?

ల్యాబ్_మాస్టారు: మొరటుదే, ఒప్పుకుంటా. అయినా ఎన్ని అంకెలు రాశామన్నది చదివేవాళ్లు పట్టించుకుంటారు. ఎవరెస్ట్ ఎత్తు సరిగ్గా 29,000 అడుగులు వచ్చిందట. ఆ సున్నాలు చూసి ఉజ్జాయింపు అనుకుంటారని 1856లో 29,002గా ప్రకటించారని చెబుతారు.

సివిల్_సుబ్బు: లెక్క మధ్యలోనే అంకెలు కత్తిరించడం ఇంకా పెద్ద తప్పు, దాన్ని ఎవరూ పట్టుకోరు. ఇక్కడ ఒక డోలనానికి 2.005 సెకన్లు. దాన్ని 2.01 చేసి లెక్కిస్తే 977, 2.00 చేస్తే 987. సవరించేది చివర్లో ఒక్కసారే.

ఇంటర్_నాన్న: ఇవన్నీ ముందు క్లాసులో చెప్పి, ఆ తర్వాత కోయండి సార్. మావాడికి ± గుర్తు పరీక్ష అయ్యాకే తెలిసింది.

కొలతల_పిచ్చి: అన్నా, ఈసారి 50 డోలనాలు లెక్కపెట్టమను. దాదాపు 100 సెకన్లు పడుతుంది. అదే 0.2 తేడాకి ‘జి’ 4 మాత్రమే కదులుతుంది. అప్పుడు 982లో 8ని నమ్మొచ్చు, 2 మీద మాత్రం డౌటే.