శని, ఆదివారాలు మాత్ర మానితే కిడ్నీలకు సరిపోతుందా? డిగాక్సిన్‌పై చర్చ

సోంపేట వాసి:
మా అమ్మగారి వయసు 78, బరువు 42 కిలోలు. గుండె లయ తప్పినందుకు డిగాక్సిన్ 0.25 మి.గ్రా. మాత్రను వారానికి 5 రోజులు వాడేవారు. ఒకనాడు "పెరుగన్నంలో పసుపెందుకు కలిపావు?" అని అడిగి, ఆపై వారం పాటు అన్నం ముట్టలేదు. కామెర్లనుకొని మేము పసరు మందు కోసం తిరుగుతుండగా నాడి నిమిషానికి 44కు పడిపోయింది. మందు ఒంట్లో పేరుకుపోయిందని, తెల్లనివి పచ్చగా కనిపించడం కూడా దానివల్లేనని ఆసుపత్రిలో చెప్పారు. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 మాత్రమే అయినా, ఆమె వయసుకూ బరువుకూ లెక్కకడితే కిడ్నీల వడపోత నిమిషానికి 22 మి.లీ.కు మించదట. ఇలాంటి వారికి ఈ మందు ఇవ్వవచ్చా?

మందుల షాపు మూర్తి:
మందును నిందించడం న్యాయం కాదు. బీపీ తక్కువగా ఉన్నవారికి గుండె వేగం తగ్గించే ఇతర మాత్రలిస్తే అది ఇంకా పడిపోవచ్చు. డిగాక్సిన్‌తో ఆ ఇబ్బంది లేదు. శని, ఆదివారాలు మానమని పెద్ద డాక్టర్లే ఏళ్లుగా రాస్తున్నారు.

గోదావరి గట్టు:
మా నాన్నగారు 12 ఏళ్లుగా ఇదే వేసుకుంటున్నారు, ఏమీ కాలేదు.

సోంపేట వాసి:
వారి కిడ్నీలు బాగుండి ఉంటాయి. ఈ మందు చాలావరకు మూత్రంలోనే పోతుంది. ఆరోగ్యవంతుల ఒంట్లో సగం తగ్గడానికి 36 నుంచి 48 గంటలు పడితే, కిడ్నీలు దాదాపు పనిచేయని వారిలో సుమారు 4, 5 రోజులు పడుతుంది. రెండు రోజుల విరామం ఏ మూలకు? పైగా 5 రోజులకే 1.25 మి.గ్రా. అవుతుంది, 0.125 మాత్రను రోజూ వేసినా వారానికి 0.875 దాటదు.

మందుల షాపు మూర్తి:
లెక్కలు నాకూ వచ్చు. కాళ్ల వాపుకు నీరు తీసే మాత్ర కూడా వాడుతుంటే పొటాషియం తగ్గి, డిగాక్సిన్ మోతాదు సరిగ్గానే ఉన్నా విషమవుతుంది. ఆ సంగతి దాచి శని, ఆదివారాల మీద పడితే ఎలాగండీ?

సోంపేట వాసి:
దాచలేదు. ఆ మాత్ర కూడా వాడారు, కానీ పొటాషియం చూడాలని మాకు చెప్పినవారే లేరు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్నదే. అయినా ఏడాదిన్నర పాటు ఒకే పాత చీటీకి షాపులో మాత్రలిచ్చారు తప్ప, రక్తపరీక్ష ఎప్పుడు చేయించారని ఒక్కరూ అడగలేదు. నా బాధ వారాల గురించి కాదు, మీలాంటి షాపుల గురించి.

మందుల షాపు మూర్తి:
ఇప్పుడు అసలు మాట అన్నారు. పాత చీటీతో వచ్చిన ముసలాయనను తిప్పి పంపితే ఆయన విశాఖ వెళ్లి గుండె డాక్టరుకు చూపించుకోరు. మందు మానేసి, దడతో ఆయాసపడుతూ ఇంట్లోనే ఉంటారు. అందుకే ఇస్తాను. అన్నం సహించడం లేదంటే మాత్రం ఇవ్వను.

సోంపేట వాసి:
అన్నం సహించనప్పటికే ఆలస్యమైపోతుంది. కొత్త రక్తపరీక్ష రిపోర్టు చూపనిదే 10 మాత్రలకు మించి ఇవ్వకండి.

మందుల షాపు మూర్తి:
10 మాత్రలంటే రెండు వారాలు. ఆలోగా ఆ రిపోర్టు తేగలిగినవారు మీ ఊళ్లో ఎందరో మీరే చెప్పండి.