పిల్లికి కిడ్నీ ప్రాబ్లం, క్రియాటినిన్ 3.4 – ఇంట్లో సెలైన్ పెట్టడం ఎవరికైనా అలవాటుందా?

లడ్డు వాళ్లమ్మాయి, కాకినాడ:

అందరికీ నమస్తే అండి. మా పిల్లి పేరు లడ్డు, ఆడదే, చిన్నప్పుడు మా నాన్న మగదనుకుని లడ్డుగాడు అని పిలిచారు ఇంక అదే ఉండిపోయింది. పదమూడేళ్లు. రెండు నెలల నుంచి నీళ్లు తెగ తాగేస్తోంది, గిన్నెలో పెట్టినవి కాదు, బాత్రూంలో మగ్గులో మూతి పెట్టి మరీ, ఎండాకాలం కదా అని మేం పట్టించుకోలేదు, పైగా మా అమ్మ ఎంత బుద్ధిగా తాగుతోందో అని మురిసిపోయింది కూడా. ఇసక ట్రేలో గడ్డలు ఇదివరకు నిమ్మకాయంత ఉండేవి, ఇప్పుడు బత్తాయిలంత. తర్వాత తిండి తగ్గింది, పొద్దున్నే తెల్లగా నురగ కక్కుతోంది, వీపు నిమిరితే ఎముకలు తగులుతున్నాయి. 4.2 కేజీలు ఉండేది ఇప్పుడు 3.1.

టెస్టు చేయిస్తే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గితే పెరిగేది) 4.1, ఫాస్ఫరస్ 6.8, యూరిన్ స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మూత్రం చిక్కదనం, 1.012. మొదట చూపించిన చోట "కిడ్నీలు పోయాయమ్మా, పది రోజులు" అని ఒక్క ముక్కలో చెప్పి రిపోర్టు చేతిలో పెట్టేశారు, ఆటోలో ఇంటికి వచ్చేదాకా బాస్కెట్ మూత మీద చెయ్యి తియ్యలేదు నేను. రెండో డాక్టరు గారు మూడు రోజులు సెలైన్ ఎక్కించారు, 3.4కి దిగింది. ఇప్పుడు ఆవిడ ఇంట్లోనే రోజు విడిచి రోజు చర్మం కింద 100 ఎంఎల్ ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) పెట్టుకోండి, కిడ్నీ ఫుడ్డుకి మార్చండి అంటున్నారు.

కిడ్నీ ఫుడ్డు పెడితే వాసన చూసి, ట్రేలో ఇసక కప్పినట్టు కాలితో గిన్నె చుట్టూ గీకి వెళ్లిపోతోంది. నిన్నట్నుంచి ఏమీ తినలేదు. అమ్మేమో పెరుగన్నం పెట్టనా, పాలు పొయ్యనా, నెత్తళ్లు వేయించనా అని గొడవ. సూది సంగతంటారా, నా రక్తం తీస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. చేసినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్. అసలు దాన్ని ఊరికే కష్టపెడుతున్నామా అన్నది కూడా చెప్పండి.

బోడుప్పల్ పిల్లోడు:

అక్కా సూది గురించి పరేషాన్ గాకు. మా పర్షియన్ రాజాకు పద్నాలుగు నెలలు పెట్టినం ఇంట్లనే. వానిది పీకేడీ అన్నరు, పుట్టుకతోనే కిడ్నీల నీటి బుడగలు ఉంటయంట, పర్షియన్లల్ల ఎక్కువ, స్కానింగ్‌ల కనవడ్డది. మొదటి రోజు నేను మా అన్న ఇద్దరం కలిసి మస్తు గోసపడ్డం, సూది ఇటు గుచ్చితే అటు బయటికొచ్చి బొచ్చంత తడిసింది, రాజాగాడు మా ఇద్దరి దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది.

నేను నేర్చుకున్నది చెప్త. బాటిల్‌ను వేడినీళ్ల బకెట్ల కొద్దిసేపు పెట్టు, ముంజేతి మీద రెండు చుక్కలు ఏసి చూడు, పసిపిల్లల పాలసీసా చూసినట్టు, గోరువెచ్చగ ఉండాలె, సల్లగ ఎక్కిస్తే తోలు గజగజ వణుకుతది. కిటికీ పైన కర్టెన్ రాడ్‌కు తగిలియ్యి, ఎంత పైన ఉంటే అంత తొందరగ దిగుతది. పైపుల గాలి లేకుంట ముందే కొంచెం వదులు. భుజాల నడుమ తోలు లేపితే గుడారం లెక్క లేస్తది చూడు, సూది ఆ గుడారం వాకిట్ల నుంచి లోపలికి పోవాలె, పైకప్పుకు గుచ్చొద్దు, గట్ల గుచ్చబట్టే మాకు అటు దిక్కు బయటికొచ్చింది. సన్నటి సూదైతే నొప్పి తక్కువుంటది అనుకొని నేను 24 నంబర్ కొన్న, ఇరవై నిమిషాలైనా సగం దిగలె, వాడు లేచి పోయిండు. 20 గాని 18 గాని అడుగు, ఐదారు నిమిషాలల్ల ఖతం. సూది ప్రతిసారి కొత్తది. ఎంత పోయిందో బాటిల్ మీది గీతలతోని సరిగ తెల్వది, మెత్తటి బాటిల్ ముడుచుకుపోతది, వంటింటి కాటా మీద ముందు తూకం, తర్వాత తూకం చూస్కో, వంద గ్రాములు తగ్గితే వంద ఎంఎల్ అన్నట్టే.

అయిపోయినంక నీళ్లన్ని ముందు కాలు దగ్గరికి జారి సంచి లెక్క ఊగుతది, నేనైతే ఏదో పగిలిందని ఏడ్చిన, పొద్దటికల్లా ఇగిరిపోతది. రెండో రోజు గూడ అట్లనే ఉంటే మల్ల పెట్టకు, డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. పెట్టేటప్పుడు వాని ముందట ఇష్టమైనదేదన్న పెట్టేది మేము, నెల తిరిగేసరికి కర్టెన్ రాడ్ చప్పుడు ఇనంగనే వాడే వచ్చి కూసునేది.

గొడ్డు డాక్టరు, భీమవరం:

నేను ఎక్కువగా గేదెల్నే చూస్తానండి, పిల్లులు రావడం ఈ మధ్య బాగా పెరిగింది. పై తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం, ఒక్కటి కలుపుతాను, సెలైన్ మొదలెట్టే ముందు గుండె చూశారో లేదో మీ డాక్టరు గార్ని అడగండి. గుండె బలహీనంగా ఉన్న పిల్లికి ఎక్కువ నీళ్లు ఎక్కిస్తే ఊపిరితిత్తుల చుట్టూ చేరతాయి. ఒళ్లు మరిచి నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని నిమిషానికి డొక్క ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టి రాసుకోండి, 30 లోపు ఉండాలి, అంతకు మించి పెరుగుతుంటే సెలైన్ ఆపి వెంటనే తీసుకెళ్లడమే.

ఇక మీ 4.1. దాన్ని చూసి స్టేజీ లెక్కెయ్యకూడదు. ఒంట్లో నీరు ఆరిపోయి ఉన్నప్పుడు నంబరు ఉన్నదానికన్నా పైకి కనిపిస్తుంది, కుదుటపడ్డాక వచ్చిన 3.4 లెక్క, అదీ రెండు మూడు వారాలకి ఇంకోసారి చేసి చూడాలి. కిడ్నీ జబ్బుకి నాలుగు స్టేజీలు లెక్కేసే ఐరిస్ పద్ధతిలో క్రియాటినిన్ 2.9 నుంచి 5.0 దాకా మూడో స్టేజీ. పది రోజులు అని ఎలా అన్నారో నాకైతే అంతుపట్టలేదు. 2008లో వచ్చిన ఒక స్టడీలో మూడో స్టేజీలో బయటపడ్డ పిల్లుల్లో సగం 778 రోజులు దాటి బతికాయి, నాలుగో స్టేజీవి అయితే సగానికి 103 రోజులే. మీది ఎటు పోతుందో ఆ లెక్క చెప్పదు గానీ పది రోజుల మాట మాత్రం మనసులోంచి తీసెయ్యండి.

నీళ్లు ఎక్కువ తాగుతోందని ఎవరూ గిన్నె తియ్యకండి, ఇలా చేసినవాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నా. కిడ్నీలో మూడింట రెండొంతులు పోయేసరికి మూత్రాన్ని చిక్కగా చేసే శక్తి పోతుంది, మీ 1.012 చెప్పేది అదే, బయటికి పోయినదాన్ని పాపం అది మళ్లీ తాగి పూడ్చుకుంటోంది. క్రియాటినిన్ పెరగడం ఇంకా ఆ తర్వాత, ముప్పాతిక వంతు పోయాక, అందుకే దాదాపు అందరూ ఆలస్యంగానే వస్తారు, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

తిండి దగ్గర మాత్రం నా మాట వినండి. ఈ రాత్రికి కిడ్నీ ఫుడ్డు తీసి పక్కన పెట్టండి. అది మంచిదే, మూడో స్టేజీలో బాగా పనిచేసేది అదే, కానీ వికారంతో ఉన్న పిల్లికి కొత్త తిండి పెడితే ఆ తిండి మీదే జన్మకి సరిపడా విరక్తి పుడుతుంది, పైగా రెండు మూడు రోజులు పస్తుంటే లివర్‌కి కొవ్వు పట్టి అసలు జబ్బు కన్నా ముందు అదే తీసుకుపోతుంది. ముందు వికారం తగ్గాలి, మారోపిటెంట్ అడగండి. ఆకలికి మిర్టాజపైన్, మనుషుల 7.5 ఎంజీ మాత్రలో పావు, కిడ్నీ పిల్లులకి రోజు విడిచి రోజే, రోజూ ఇస్తే రాత్రంతా అరుస్తూ ఇల్లంతా తిరుగుతుంది. ఇవి డాక్టరు గారు రాస్తేనే వెయ్యండి. తినడం మొదలెట్టాక పాత తిండిలో కొత్తది చెంచాడు చెంచాడు కలుపుతూ నెల పట్టినా పర్లేదు.

అమ్మగారికి చెప్పండి, నెత్తళ్లు వద్దు, ముల్లుతో సహా తినేది కదా ఫాస్ఫరస్ ఎక్కువగా ముల్లులోనే, ఎండువైతే ఉప్పు కూడా. పాలు పెరుగు కూడా అదే కథ. ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన పెట్టొచ్చు, పచ్చసొన తీసేసి. చికెన్ ఉప్పు ఉల్లి వెల్లుల్లి లేకుండా ఉడికించి పెట్టొచ్చు, కానీ నెలల తరబడి అదొక్కటే అయితే లోపాలొస్తాయి. మీ 6.8 ఫాస్ఫరస్ 5 లోపుకి రావాలి, తిండి మారినా రాకపోతే అల్యూమినియం హైడ్రాక్సైడ్ కలుపుతారు, అది తిండిలో కలిస్తేనే పని, విడిగా నోట్లో పోస్తే దండగ. ఒళ్లు కాలుతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం చచ్చినా వెయ్యకండి, పిల్లికి అది విషం.

రాజోలు రాంబాబు:

మా వైపు కిడ్నీకి తెల్ల గలిజేరు ఆకు రసం ఇస్తారు, మా మేనమామకి రాళ్లు పడిపోయాయి, రెండు చుక్కలు వేసి చూడండి ఏం పోయింది.

గొడ్డు డాక్టరు, భీమవరం:

రాంబాబు గారూ, మీ మావయ్యకి మూత్రం జారీ అవ్వడం కావాలి, ఈ పిల్లికి అది ఇప్పటికే ఎక్కువైపోతోంది. అందులోనూ గలిజేరులో ఆక్సలేట్లు దండిగా ఉంటాయి. వద్దండి.

ఎడిసన్ అమ్మమ్మ:

న్యూజెర్సీ నుంచి రాస్తున్నానమ్మా, కూతురి దగ్గర ఉంటాను, ఇక్కడి పిల్లి మిర్చి, దానికీ ఇదే జబ్బు. పోస్టంతా చదివాను, బీపీ అన్న మాటే ఎక్కడా కనపడలేదు. మిర్చికి మూడేళ్లు అన్నీ చేశాం, తిండి, సెలైన్, లెక్కలు రాసిన నోటుబుక్కు, బీపీ ఒక్కటి చూపించలేదు. ఒక రాత్రి సోఫా కాలికి తల కొట్టుకుంది, ఏంటా అని లైటేస్తే కళ్లు రెండూ నల్లటి గోలీల్లా, లైటు పడినా కంటిపాప చిన్నది కాలేదు. బీపీ 210 ఉందన్నారు, కంటి వెనక పొర ఊడిపోయిందట. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు 0.625 ఎంజీ మొదలెట్టారు, ఒక కన్ను కొంచెం నీడ పోల్చుకునేంత వచ్చింది. 160 దాటితే మందు వెయ్యాలట, ఈ సంగతి ముందే తెలిస్తే బాగుండేది. మీ ఊళ్లో పిల్లికి పట్టే చిన్న పట్టీ ఉన్న మిషను లేకపోతే వైజాగ్ తీసుకెళ్లి అయినా చూపించు తల్లీ.

ఇంకోటి, జపాన్ ఇంజెక్షన్ వచ్చేసింది అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. టోరు మియజాకి అనే ఆయన ఏఐఎమ్ అనే ప్రోటీన్ పిల్లుల్లో సరిగ్గా పని చెయ్యదని కనిపెట్టారు, అది నిజమే, 2021లో అక్కడి జనం బోలెడు విరాళాలు కూడా పంపారు. కానీ ఎవరైనా దాని పేరు చెప్పి డబ్బులడిగితే మాత్రం ఇవ్వకు.

కష్టపెడుతున్నామా అని అడిగావు కదా. మేం క్యాలెండర్ మీద గీతలు పెట్టుకున్నాం. తిని, ఎండలో ఒళ్లు నాక్కున్న రోజు ఒక గీత, మంచం కింద దూరి రాని రోజు సున్నా. వారంలో సున్నాలు ఎక్కువైనప్పుడు ఆలోచిద్దాం అనుకున్నాం. ఇప్పటికి ఇంకా గీతలే ఎక్కువ.

లడ్డు వాళ్లమ్మాయి, కాకినాడ:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నా, సారీ అండి, మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీదు. వికారం మందు వేసిన రెండో రోజు రాత్రి పదిన్నరకి చికెన్ ముక్క తింది, అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చేసింది. మిర్టాజపైన్ ఒక్కసారే వేశాం, డాక్టరు గారు చెప్పినట్టే రాత్రి రెండింటికి గుమ్మం దగ్గర నిలబడి ఉపన్యాసం ఇచ్చింది, ఎదురింటి వాళ్లు అడిగారు కూడా.

సెలైన్ ఇప్పటికి నాలుగుసార్లు అయింది. మొదటిది క్లినిక్కులో కాంపౌండరు చూపించాడు, రెండోది నేను గుచ్చబోయి చెయ్యి వణికి ఆగిపోయాను, ఎప్పుడూ దాన్ని విసుక్కునే మా నాన్న వచ్చి కళ్లజోడు సర్దుకుని తోలు లేపి గుడారం వాకిట్లోంచే కదా అని పెట్టేశారు. అప్పట్నుంచి ఆయనే, నేను బాటిల్ తూకం వేసి రాస్తాను. గుండె శబ్దం బానే ఉందన్నారు, నిద్రలో ఊపిరి 22, 24 అలా ఉంటోంది. బరువు 3.1 నుంచి 3.2, ఆ వంద గ్రాములు సెలైన్‌వేమో అని రాజా గుర్తొచ్చి నవ్వుకున్నాం. బీపీకి సోమవారం వైజాగ్ వెళ్తున్నాం. కిడ్నీ ఫుడ్డు ఇంకా చెంచాలో సగమే, చికెన్ నీళ్లలో దాస్తే తింటోంది, కనిపెడితే లేదు.

నీళ్ల గిన్నెలు ఇంట్లో నాలుగు చోట్ల పెట్టాం, ఒక్కదాంట్లో మూతి పెట్టదు. అందుకని స్నానం చేసి ఎవరు బయటికొచ్చినా మగ్గు కడిగి మంచినీళ్లు నింపి తలుపు ఓరగా వేసి రావాలి, నాన్న తలుపు మీద కాగితం అంటించారు.