సీఓటూ పైపులైన్లో నీళ్లు 30 పీపీఎమ్మా, 500 పీపీఎమ్మా?

స్వర్ణముఖి_పైప్స్:
మన గుంపు వేస్తున్న నమూనా డిజైను ఇది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పొగలోంచి పట్టిన సీఓటూను (కార్బన్ డయాక్సైడు) రోజుకు 1000 టన్నులు రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా కృష్ణపట్నం తీరానికి పంపాలి. 110 బార్ ప్రెజరు, కార్బన్ స్టీల్ పైపు. ముసాయిదాలో సీఓటూ కనీసం 95 శాతం, నీళ్లు 30 పీపీఎం (పది లక్షల అణువుల్లో 30) లోపు అని రాసినాం. అంతగా ఎండగట్టడం దండగని ఇద్దరు అడ్డం తిరిగినారు. ఎవరి లెక్క వాళ్లు ఇక్కడ పెట్టండి.

కంప్రెసర్_రేణిగుంట:
ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. మన నేల మీటరు లోతులో 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ వేడిలో 100 బార్ దగ్గర సీఓటూ 3000 పీపీఎం పైనే నీళ్లు కరిగించుకుంటుంది. 500 పెట్టుకున్నా ఆరింతల ఎడం ఉంది. అమెరికాలో పది లక్షల ఘనపుటడుగులకు 30 పౌండ్లు, అంటే సుమారు 630 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. అక్కడి కార్టెజ్ సీఓటూ లైను 1984 నుంచి నడుస్తోంది. 500కి గ్లైకాల్ ద్రవంతో నీళ్లు పీల్చే టవరు చాలు. 30 ఏనాడూ దాటకూడదంటే మాలిక్యులర్ సీవ్ బెడ్లు (నీళ్లు పట్టుకునే గుళికల పడకలు), వాటిని 200 డిగ్రీల పైన కాల్చి ఆరబెట్టే హీటరు, కూలరు, సెపరేటరు అన్నీ కావాలి. ఆ ఖర్చు ఎవరి నెత్తిన?

తుప్పు_పరిశీలన:
అన్నా, నీ 3000 లైను నిండు ప్రెజర్లో పారుతున్నప్పటి అంకె, అదీ స్వచ్ఛమైన సీఓటూకి. లైను ఆపి ప్రెజరు దించితే ద్రవం గ్యాసయ్యే దగ్గర నీటిని పట్టుకునే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. పైగా చల్లబడుతుంది. కంప్రెసర్ స్టేజీల మధ్య 40 బార్ దగ్గర డ్రయ్యరు పెట్టేదే అక్కడ నీళ్లు సులువుగా విడిపోతాయని. బ్లోడౌన్‌లో (లైనులో గ్యాసు వదిలి ప్రెజరు దించేటప్పుడు) అదే పని పైపు లోపల జరుగుతుంది. విడిపోయిన నీళ్లు పల్లంలో నిలిచి కార్బానిక్ ఆమ్లమవుతాయి. అక్కడ తుప్పు ఏడాదికి మిల్లీమీటర్లలో తింటుంది. 500 పీపీఎం అంటే టన్నుకు 205 గ్రాములు, మన లైనులో రోజుకు 205 కిలోల నీళ్లు. 30 అయితే 12 కిలోలు.

కార్టెజ్‌లో పారేది భూగర్భంలోని సహజ సీఓటూ. అందులో కొలిమి పొగ లేదు. మనదాంట్లో నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు), సాక్స్ (సల్ఫర్ ఆక్సైడ్లు), ఆక్సిజన్ మూడూ ఉంటాయి. నైట్రోజన్ డయాక్సైడు సల్ఫర్ డయాక్సైడును సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తుంది, తాను నైట్రిక్ ఆక్సైడుగా మారి, ఆక్సిజన్ దొరికితే మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. ఆ ఆమ్లం విడిపోవడానికి నీళ్లు 3000 దాకా రానక్కర్లేదు.

పిగ్గింగ్_చిత్తూరు:
పైపు గట్టిదనం చూడ్డానికి నింపే హైడ్రోటెస్ట్ నీళ్ల మాటేంది? పిగ్గులు (పైపు లోపల తుడుస్తూ పోయే బిరడాలు) తోలి, పొడిగాలి పెట్టి, అవతలి కొసన డ్యూ పాయింటు (గాలిలో తేమ విడిపోయే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీలు వచ్చిందాకా సీఓటూ వదలకూడదు. ముందు ఆ పేరా రాయండి.

రైల్వేకోడూరు_ప్రాసెస్:
మిగతా 5 శాతంలో నైట్రోజన్ ఎంత? ఏప్రిల్‌లో మన ఎయిర్ కూలరు 50 డిగ్రీలకు దించితే గొప్ప. స్వచ్ఛమైన సీఓటూయే 100 బార్ దగ్గర 35 డిగ్రీల్లో ఘనపు మీటరుకు 713 కిలోలుంటే, 50లో 384కి పడిపోతుంది. నైట్రోజన్ కలిస్తే ఇంకా పలచన. పంపు ఏం తోస్తుంది?

కంప్రెసర్_రేణిగుంట:
@తుప్పు, నాక్స్ సాక్స్ నీ బాధైతే వాటిని కొలిమి దగ్గరే కడగమను. నీటి మీద ఎందుకు పడతావు? కొలిమి వాళ్లు వదిలినదానికి ప్రతిసారీ జవాబు చెప్పేది కంప్రెసర్ హాలే. ల్యాబు కాగితం పట్టుకొని మా మీదికి రావడం ఈ రంగంలో అలవాటైపోయింది.

శ్రీకాళహస్తి_వెల్డ్:
2020లో మిసిసిపీలో సటార్షియా దగ్గర సీఓటూ లైను పగిలింది, మరువద్దండి.

తుప్పు_పరిశీలన:
అది వానలకు నేల జారి వెల్డు తెగిన ఘటన. నీటి హద్దుకు సాక్ష్యం కాదు.

@కంప్రెసర్, నీ హాలును నేను తప్పుపట్టలేదు. నీళ్లొక్కటి చాలవనే మొదటి నుంచీ అంటున్నా. రేపు ఒక గ్యాసిఫికేషన్ ప్లాంటు ఇదే లైనులో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడు వస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడుతో కలిసి సల్ఫర్ డయాక్సైడునూ నీళ్లనూ పుట్టిస్తుంది. ఎవరి గ్యాసు వాళ్ల హద్దులోనే ఉంటుంది, కలిసిన చోట ఆమ్లం దిగుతుంది. నార్వేలో సీఓటూను సముద్రం అడుగున దాచే నార్తర్న్ లైట్స్ వాళ్లు నాక్స్ హద్దును 10 పీపీఎం నుంచి 1.5కి దించారు. నువ్వు ఒక్క డ్రయ్యరు బిల్లు పట్టుకొని కూర్చుంటే ఎట్లా?

అనలైజర్_తిరుచానూరు:
ఇద్దరూ కొట్లాడుకుంటున్న అంకెను కొలిచేదెట్లా? శాంపిల్ తీసేచోట 110 బార్ ఒక్కసారిగా దించితే పొడిమంచు కట్టి రెగ్యులేటరు మూసుకుపోతుంది. వేడిచేసే రెగ్యులేటరు, అనలైజరు దాకా వేడి ట్యూబు కావాలి. చల్లటి మామూలు స్టీలు ట్యూబైతే నీళ్లు, నైట్రోజన్ డయాక్సైడు గోడకే అంటుకుంటాయి, 60 ఉన్నా 20 చూపిస్తుంది. నీటికి లేజర్ అనలైజరు సెకన్లలో చెబుతుంది. మిగతా మలినాలు కొలిచే క్రొమటోగ్రాఫ్‌కు 10 నిమిషాల సైకిలు అనుకుంటే, సెకనుకు 1.5 మీటర్ల వేగంలో చెడ్డ గ్యాసు 900 మీటర్లు ముందుకెళ్లాకే తెలుస్తుంది.

కంప్రెసర్_రేణిగుంట:
మంచిది, అసలు విషయానికే వస్తా. హద్దు దాటితే ఇన్‌లెట్ వాల్వు మూసేది పైపులైను కంట్రోల్ రూమని ముసాయిదాలో ఉంది. మూస్తే గంటకు 42 టన్నులు వెంటు గొట్టంలోంచి గాల్లోకి పోతాయి, ఆ నష్టం గ్యాసు ఇచ్చినవాడిది. సీవ్ బెడ్డు సరిగా చల్లారకుండా మార్చితే నీళ్లు కాసేపు ఎగబాకుతాయి. 30 దగ్గరే మూసేటట్టయితే ఎన్నిసార్లు మూస్తారు? 500 అడిగింది అందుకే. ఎదుటివాడి మీటరు నమ్మి నా గ్యాసు ఆపుకోమంటే ఒప్పుకోను.

తుప్పు_పరిశీలన:
ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. నీళ్లకు రెండు మెట్లు పెట్టొచ్చు: 30 దగ్గర అలారం, 50 దాటి 15 నిమిషాలు నిలిస్తే మూత. నాక్స్, హైడ్రోజన్ సల్ఫైడులకు ఆ వెసులుబాటు ఉండదు. వాల్వు మాత్రం పైపు ఎవరిదో వాళ్ల చేతిలోనే ఉండాలి. తిన్న పైపు మళ్లీ మందం కాదు.

కంప్రెసర్_రేణిగుంట:
మెట్లు సరే. వాల్వు సంగతి ఒప్పుకోను. రెండు అనలైజర్లు, ఇరువైపులా సీలు, రెండూ ఒకే మాట చెబితేనే మూత.

తుప్పు_పరిశీలన:
ఒకటి చెడిపోతే అసలు మూయవా? రెంటిలో ఏది హద్దు దాటినా మూత పడాలి.

రైల్వేకోడూరు_ప్రాసెస్:
నైట్రోజన్‌కు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

స్వర్ణముఖి_పైప్స్:
నీటి అంకె మీద ఇక రాయకండి, రెండు మెట్లు చేరుస్తా. వాల్వు పేరాకు మీ ఇద్దరి రాత విడివిడిగా పంపండి, పక్కపక్కన పెడతా. కోడూరన్నా, నైట్రోజన్, ఆర్గాన్, ఆక్సిజన్ కలిపి 4 శాతం పైహద్దు అనుకొని 50 డిగ్రీల దగ్గర ప్రెజరు లెక్క నువ్వే వేసి పెట్టు.